కత్తెర గాటు

మిద్దె మీది గదులు,
వాన వెలిసిన సాయంత్రం

అక్కా,

ఫోనెత్తడం లేదని తిట్టుకోకు. ఫోన్లో మనిద్దరికీ ఏడుపులూ అరుపులే తప్ప మాట తేలదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నా కూతురి మొహం కోసేశారక్కా, మన పిట్ట మొహం. బడిలో. వాళ్ళ క్లాసు పిల్లే, కత్తెరతో చెవి దగ్గర్నుంచి నోటి చివరిదాకా ఒక్క గీత గీసేసింది. కాస్త పైకి జరిగుంటే కన్ను పోయేదన్నాడు డాక్టరు. నేను షాపులో చొక్కాకి చేతులు కలుపుతున్నాను, మెడలో టేపు అలాగే వేలాడుతుండగా ఆస్పత్రికి పరిగెత్తాను. కుట్లు వేస్తున్నంతసేపూ నా చూపుడు వేలు పట్టుకుంది. సూది దిగినప్పుడల్లా వేలు నలిపేసింది. ఇన్నేళ్ళుగా సూదితో బతుకుతున్నదాన్ని, సూది మీంచి చూపు తిప్పుకోవడం ఇదే మొదలు.

మీ మరిది అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నాడు. ఆ పిల్లకి తల్లి ఒక్కతేనట, అదే ఆస్పత్రిలో నేల తుడుస్తుంది. వరండాలో మా కాళ్ళు పట్టుకోబోయింది. మీ మరిది కాలితో ఎగదన్నాడు. ఆవిడ తల గోడకి కొట్టుకుంది. లేచి, నుదురు కొంగుతో అదుముకుని, బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. ఆపాలని కూడా అనిపించలేదు.

నీ ఆవుల దొడ్డికి ఇలాంటివాళ్ళే కదా వస్తారు, బడి గెంటేసినవాళ్ళూ, కోర్టు పంపినవాళ్ళూ. వాళ్ళ చేతికి కొడవళ్ళిచ్చి నీకు నిద్రెలా పడుతుంది?

నీ చెల్లి

*

దొడ్డి పక్క గది,
మధ్యాహ్నం పాలు పంపించాక

చెల్లీ,

నీ ఉత్తరం పాకలోనే నిలబడి చదివాను. పిట్టని ఇక్కడికి తెచ్చేయమనాలని ఉంది గానీ, పచ్చి గాయానికి ఈ దుమ్మూ పేడా పనికిరావు. కుట్లు ఆరనీ.

నిద్రెలా పడుతుందన్నావు. కొడవలి ఇవ్వకపోతేనే నాకు నిద్ర పట్టదే. చేతికి పనిముట్టు లేనివాడికి పిడికిలే పనిముట్టు. మొన్న ఒకడు బకెట్ తనదంటే తనదని ఇంకొకడి పన్ను రాలగొట్టాడు. అందరూ ఇప్పుడు వాణ్ణి బకెట్ అనే పిలుస్తున్నారు. పన్ను రాలినవాడి వాటా పేడ కూడా వాడే ఎత్తుతున్నాడు, రోజూ నన్ను బూతులు తిడుతూ. తిట్టనీ. ఎత్తుతున్నాడుగా.

ఈ మధ్య ఒక పిల్ల వచ్చింది. పేరడిగితే చెప్పలేదు. తల నున్నగా గొరిగి ఉంటే పిల్లలు గుండు అన్నారు, అదే ఖాయమైపోయింది. వచ్చిన రోజే నల్లావు దాని తొడ మీద తన్నింది. గుండు కర్ర తీసుకుని, కర్ర విరిగేదాకా ఆవుని బాదింది. అడ్డం వెళ్తే నా మణికట్టు కొరికింది, రక్తం వచ్చేలా. నేనేం చేశానో తెలుసా? "ఇక ఆ ఆవు నీది. కడగడం, మేపడం, నువ్వు తేల్చిన వాతలకి మందు రాయడం, అన్నీ నువ్వే" అన్నాను. మూడు నాలుగు రోజులు ఎవరితోనూ పలకలేదు. ఒకరోజు నా దగ్గరకొచ్చి, "అది నన్ను చూస్తే వణుకుతోందండీ" అంది. నాతో ఆడిన మొదటి మాట అదే.

ఏం చేసి వచ్చిందో నాకు తెలియదు. నెల తిరిగేదాకా వాళ్ళ కాగితాలు చదవను. చదివితే పిల్ల బదులు కాగితమే కనిపిస్తుంది.

పిట్టకి నా ముద్దులు, కుట్లు లేని చెంప మీద.

అక్క

*

మిద్దె మీది గదులు,
ఆదివారం

అక్కా,

కుట్లు తీశారు. చెంప మీద జెర్రి పాకినట్టుంది మచ్చ. ఇంటికి రాగానే పిట్ట బాత్రూంలో అద్దం పగలగొట్టింది. ఆ తరువాత నా బీరువా అద్దం. ఆ గాజు ముక్కలు ఏరుతుంటే నా చెయ్యి తెగింది, "నీకూ కుట్లు పడాలి, అప్పుడు తెలుస్తుంది" అంది. పదహారేళ్ళ పిల్ల, కన్నతల్లితో.

బడికి పోనంటోంది. స్నేహితురాళ్ళొస్తే తలుపు తీయదు. నీ ఉత్తరం చదివి వినిపించాను, ఆవు వణికిందన్న దగ్గర నవ్వబోయింది, చెంప లాగి ఏడ్చింది. ఆ పిల్ల తల సంగతి మాత్రం మళ్ళీ చదవమంది. రెండోసారి చదివాక గోడకి తిరిగి పడుకుంది.

మీ మరిది షెడ్డుకి వెళ్తున్నాడన్న మాటే గానీ లారీ కింద దూరి ఊరికే పడుకుంటున్నాడట. ఇంటికొచ్చి ఒకటే పాట: "అదెక్కడుందో చెప్పరట. మన పిల్ల మొహం అందరూ చూడొచ్చు, దాని మొహం ఎవరూ చూడకూడదట!" నిన్న భోజనం దగ్గర ఈ మాటే అంటూ పళ్ళెం విసిరాడు, నా చెవి పక్కగా పోయింది.

నీ గుండు ఏమైందో రాయి. పిట్ట అడిగింది.

చెల్లి

*

దొడ్డి పక్క గది,
గడ్డి కోతలప్పుడు

చెల్లీ,

ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ పెద్ద గొడవైంది.

పట్టపగలు ఊరకుక్కల మంద దూడల పాకలో పడింది. పిల్లలంతా తిండి దగ్గరున్నారు. అరుపు విని నేను లేచేలోపే ఒక పిల్ల చేతిలో ముద్ద వదిలేసి పరిగెత్తింది. మేం వెళ్ళేసరికి ఒక దూడ పేగులు బయటపడి కాళ్ళు కొట్టుకుంటోంది. ఆ పిల్ల ఇంకో దూడ మీద బోర్లా పడుకుని ఉంది, మోచేతి కింద కుక్క కరుచుకుని వదలడం లేదు. రెండో చేత్తో పార పట్టుకుని కుక్క నెత్తిన కొడుతోంది. అది చచ్చినా పళ్ళు వదల్లేదు, దవడ మేం విడదీయాల్సి వచ్చింది. మిగతా కుక్కల్ని బకెట్టూ వాళ్ళూ రాళ్ళతో తరిమారు. ఒకదాన్ని గోడకి నొక్కి చంపారు. చూడలేకపోయాను గానీ వద్దనలేకపోయాను.

పేగులు బయటపడ్డ దూడని నేనే కోసేయాల్సి వచ్చింది. ఆ పిల్ల దాని తల ఒళ్ళో పెట్టుకుని, "కళ్ళు ముయ్యనా అమ్మా, దానికి?" అంది. అప్పటిదాకా నన్ను అండీ అనేది.

ఆ పూట పిల్లలు దాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని తిన్నారు. కుడిచేతికి కట్టు, ముద్దలు బకెట్ కలిపి పెట్టాడు. ఎప్పుడూ తలుపు పక్కన ఒక్కతే తినేది.

పిట్టకి మచ్చ మీద రాయడానికి మందు పంపుతున్నాను. ఇంకేం రాయను, చేతులు నొప్పులు.

అక్క

*

మిద్దె మీది గదులు,
మంగళవారం

అక్కా,

చేతులు నొప్పులా? నిజం రాయడానికా?

నిన్న విచారణకి దాన్ని తీసుకొచ్చారు. కోర్టు మెట్ల మీద నా ముందునుంచే నడిచి వెళ్ళింది. తల మీద గరుకు గరుకుగా జుట్టు మొలుస్తోంది. కుడి మోచేతి కింద కట్టు. "ఆ చేతికేమైంది?" అని మెజిస్ట్రేటు అడిగితే, "కుక్క కరిచిందండీ, దూడల కోసం పోతే" అంది. ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ పక్కపక్కన పెట్టుకున్నాను. మొదట గుండు, గుండు అని మురిసిపోయావు. తరువాత అది ఉట్టి "ఒక పిల్ల" అయిపోయింది. కాగితాలు చదివావు కదూ? చదివీ దాన్ని మధ్యలో కూర్చోబెట్టి ముద్దలు తినిపిస్తుంటే చూస్తూ మురిసిపోయావు కదూ? నీ చెల్లెలి కూతురు గోడకేసి పడుకుని ఉంటే!

నువ్వు నాకు అక్కవా, దానికి అమ్మవా?

మీ మరిదికి చెప్పేశాను. నేనే చెప్పాను. టైర్లు విప్పే రాడ్డు తీసుకుని, షెడ్డు కుర్రాళ్ళిద్దర్ని బండెక్కించుకుని ఇప్పుడే వెళ్ళాడు. ఆగమని అనలేదు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి జరిగేది జరిగిపోయి ఉంటుంది. కావాలనే ఫోన్ చేయడం లేదు.

*

ఆస్పత్రి వరండా

చెల్లీ,

మీ ఆయన వచ్చి వెళ్ళిన మూడో రోజు నీ ఉత్తరం అందింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పోలీసులకీ ఇదే చెప్పాను.

పాలు పితికే వేళ. బండి గేటుని గుద్దుకుని లోపలికొచ్చింది. మీ ఆయన దిగుతూనే, "వదినా, మీరు పక్కకి తప్పుకోండి. మీతో నాకు తగువు లేదు. గుండుది ఎక్కడ?" అన్నాడు. నేను అడ్డం నిలబడ్డాను. షెడ్డు కుర్రాళ్ళు నా రెక్కలు పట్టి గోడకి నొక్కారు. బకెట్ పాల క్యాను ఎత్తి ఒకడి మీద విసిరాడు. మీ ఆయన రాడ్డుతో వాడి నోటి మీద కొట్టాడు. పెదవి రెండుగా చీలింది. అయినా వాడు లేచాడు. వాడి వెనక మిగతావాళ్ళు వచ్చి నిలబడ్డారు, గడ్డి పట్టుకున్నవాళ్ళు గడ్డితోనే, ఒట్టి చేతులవాళ్ళు ఒట్టి చేతులతోనే. ఒక్కడు పారిపోలేదు. ఎవరికి వారే తప్ప రెండోవాడి ఊసు పట్టనివాళ్ళే అందరూ, నా దగ్గరకొచ్చిన రోజున.

గుండు మేత కోసే గదిలోంచి వచ్చింది. చేతిలో కొడవలి ఉంది. మీ ఆయన కూడా దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. గుండు కొడవలిని ఆవుల మేత గాడిలో పెట్టేసింది. "వాళ్ళనెందుకు కొడతారు? కోసింది నేను. నన్ను కొట్టండి" అంది.

కొట్టాడే. తలకి గురిచూసి కొట్టాడు, అది చెయ్యి అడ్డం పెట్టింది. కుక్క కరిచిన చెయ్యే. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. పడ్డాక వీపు మీద మళ్ళీ కొట్టాడు. అప్పటికి నన్ను పట్టుకున్నవాళ్ళు వదిలేశారు, వాళ్ళకే భయం వేసింది. నేను పార తీసుకుని మీ ఆయన భుజం మీద వేశాను. రాడ్డు జారిపోయింది. అక్కడితో సరిపోయేది. కానీ ఇంకొకటి వేశాను, తల మీద. ఆ రెండోది అక్కర్లేదని వేసేటప్పుడే తెలుసు.

ఆయనకి తలకి కుట్లు, భుజం కదలదు. గుండుకి చెయ్యి రెండు చోట్ల విరిగింది, పక్కటెముక చీలింది. ఇద్దరూ ఒకే ఆస్పత్రిలో, పై అంతస్తులో ఒకరు, కింద ఒకరు. గుండు వాళ్ళమ్మ ఆయన వార్డు కూడా తుడుస్తోంది, వెళ్ళి చూసుకో.

నీకు చెప్పకపోవడం నా తప్పే. చెప్తే ఇదే జరుగుతుందని చెప్పలేదు. చెప్పకపోయినా ఇదే జరిగింది.

అక్క

*

మిద్దె మీది గదులు

అక్కా,

ఆయన్ని ఆస్పత్రి నుంచి నేరుగా జైలుకి తీసుకెళ్ళారు. లాయరు ఒక మాటన్నాడు. ఆ పిల్లని ఆబోతు కుమ్మిందని నువ్వు చెప్తే కేసు పోతుందట. నీ దొడ్డిలో ఆబోతు ఉందిగా. పిల్లలు నువ్వు ఎలా చెప్పమంటే అలా చెప్తారు. ఆయన తల పగలగొట్టినందుకు నీ మీద మేం కేసు పెట్టం.

చేతులు జోడించి అడుగుతున్నాను. కూతురి మొహం చూసి తండ్రి గుండె మండింది, అంతేగా? ఏ తండ్రికి మండదు? ఏ కారణమూ లేకుండా, నోట్లో నాలుక లేని నా పిల్ల మీద కత్తెర పట్టుకుని వచ్చిన దానికోసం నీ చెల్లెలి కాపురం కూలుస్తావా?

పిట్ట రెండు రోజులుగా తిండి తినడం లేదు. వాళ్ళ నాన్న చేసింది విన్నప్పటినుంచి. నాతో మాట్లాడదు.

చెల్లి

*

దొడ్డి పక్క గది

చెల్లీ,

పిట్ట నా దగ్గరుంది, వెతుక్కోకు. బస్సెక్కి ఒక్కతే వచ్చింది, మొహానికి గుడ్డ చుట్టుకుని.

వచ్చి గేటు దగ్గరే కూలబడింది. "పెద్దమ్మా, కత్తెర అది తేలేదు. నేను తీసుకెళ్ళాను. అమ్మ కత్తెర" అంది. నాకు ముందు అర్థం కాలేదు. అన్నీ చెప్పించాను. ఆ పిల్లకి నడుం దాకా జడ ఉండేదట. నేల తుడిచేదాని కూతురికి ఇంత జడేమిటని మీ పిట్టా, దాని ముగ్గురు స్నేహితురాళ్ళూ నెలల తరబడి ఏడిపించారట. ఆ రోజు బాత్రూంలో గడియ పెట్టి, ఇద్దరు చేతులు పట్టుకుంటే పిట్ట జడ కోసిందట. నెత్తి మీద కూడా ఇష్టం వచ్చినట్టు కత్తిరించిందట, తోలు తెగి రక్తం కారేలా. నవ్వుకుంటూ చేతులు వదిలారట. ఆ పిల్ల కత్తెర లాక్కుంది. తరువాతది నీకు తెలుసు. జుట్టు తనే కత్తిరించుకుందని నలుగురూ ఒకే మాట చెప్పారట, ఆ పిల్ల నోరు విప్పలేదట. మిగిలిన జుట్టు వాళ్ళమ్మ గొరిగించిందట, చూడలేక.

"అమ్మకి తెలుసు పెద్దమ్మా. పోలీసులు బల్ల మీద పెట్టిన కత్తెర చూసి గుర్తుపట్టింది. పిడికి తనే చుట్టిన నీలం గుడ్డ ఉంది. ఆ పిల్లే తెచ్చిందని చెప్పింది" అంది నీ కూతురు.

కాకిపిల్ల కాకికి ముద్దే, కాదనను. కానీ ఇంకో కాకి కూడా ఉందే, నేల తుడుస్తూ.

ఆబోతు మాట ఎత్తకు. నేను చెప్పను. నా మీద కేసు పెట్టుకో, పడతాను.

గుండు నిన్ననే కట్టుతో తిరిగొచ్చింది. కోర్టు ఇంటికి పంపుతామన్నా, ఇక్కడికే వస్తానంది. పిట్ట ఎవరో, నాకేమవుతుందో దానికి చెప్పాను. పాకలో ఇద్దరూ ఎదురుపడ్డారు. పిట్ట మొహం మీది గుడ్డ తీసేసింది. గుండు మచ్చని చూసి, చూపు తిప్పుకోకుండా నిలబడింది. పిట్ట చెయ్యెత్తి చెంప ఛెళ్ళుమనిపించింది. బకెట్ ఉరకబోతే నేను పట్టుకున్నాను. గుండు కదల్లేదు. పిట్ట మళ్ళీ చెయ్యెత్తింది. గుండు ఎడమచేత్తో ఆ మణికట్టు గాల్లోనే పట్టేసింది.

"ఒకటి పడతాను. రెండోది పడను" అంది.

మెల్లిగానే అంది. వచ్చిన కొత్తలో ఇలాంటి మాట అనేముందే కొరికి ఉండేది. పిట్ట పేడలోనే కూర్చుండిపోయి ఏడ్చింది. గుండు తన ఆవు దగ్గరకి వెళ్ళిపోయింది. ఎవరూ ఎవర్నీ క్షమించలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పిట్ట ఇంటికి రానంటోంది. ఉంచుకోనా?

అక్క

*

షాపు, కటింగు బల్ల

అక్కా,

కత్తెర నాదేనని స్టేషన్లో చెప్పాను. ఎస్సై రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ చెప్పాను.

ఆయన బెయిల్ మీద వచ్చాడు. విషయం తెలిసి నా కుట్టు మిషన్ ఎత్తి మిద్దె మీంచి మెట్ల కిందకి తోశాడు, ఒంటి భుజంతోనే. ఆ తరువాత నా జుట్టు పట్టుకున్నాడు. తలని గోడకి రెండుసార్లు మోదాడు. పక్కింటివాళ్ళు తలుపు బద్దలు కొట్టి విడిపించారు. ముందుపన్ను కదులుతోంది. షాపు యజమానురాలు వెనక గది ఇచ్చింది, ఆయన మళ్ళీ జైలుకి పోయాడు. పక్కింటావిడే సాక్ష్యం చెప్పింది, నేను కాదు. ఇంకా నాకంత ధైర్యం రాలేదు.

ఆ నేల తుడిచే ఆవిడ దగ్గరకి వెళ్ళాను. నన్ను చూడగానే నుదురు చేత్తో కప్పుకుంది. ఆయన తన్నిన రోజు తగిలిన దెబ్బ అది. ఆవిడే నా వాచిన మొహం చూసి, "కూర్చోమ్మా, తడిగా ఉంది, జారతావు" అంది.

పిట్టని ఉంచుకో. దాన్ని బాగా పని చేయించు. అది ఎప్పుడైనా నవ్విందా?

చెల్లి

*

దొడ్డి పక్క గది,
చలి మొదలైంది

చెల్లీ,

పన్ను కదులుతుంటే ఊడగొట్టకు, కొన్నాళ్ళు మెత్తటివి తిను, గట్టిపడుతుంది. బకెట్ అనుభవం మీద చెప్పమన్నాడు.

నవ్విందా అని అడిగావు. లేదు. పేడ ఎత్తుతోంది. మొహానికి గుడ్డ కట్టుకోవడం మానేసింది, చెమటకి దురద పెడుతోందని. ఒకడు మచ్చ చూసి ఏదో కూశాడు, తొట్టిలో ముంచేసింది. ఊపిరాడక వాడు నీళ్ళు కక్కాడు. అందుకు వారం రోజులు వాడి వంతు పని కూడా దానిదే చేశాను. చేస్తోంది.

గుండూ అదీ పాకకి చెరో చివర. మాటల్లేవు. గుండు చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనం కాలేదు, పితకలేదు. అందుకని నల్లావుని ఇవాళ పిట్టకి అప్పజెప్పాను. పిట్ట భయం భయంగా చెంబు పట్టుకుని, చేతికందీ అందనంత దూరంలో కూర్చుని చేతులు చాచింది. ఆవు లాగి ఒక్కటి తన్నింది. పిట్ట చెంబుతో సహా వెల్లకిలా పడింది. మోకాలు చిట్లి రక్తం. లేచి అటూ ఇటూ చూసింది, మూల ఉన్న కర్ర అందుకుంది. నేను నోరు తెరిచేలోపు అవతలి చివర్నుంచి గుండు గొంతు వినపడింది.

"కర్ర పారెయ్యవే! దూరంగా కూర్చుంటేనే దెబ్బ గట్టిగా తగుల్తుంది. దాని పొట్టకి తల ఆనించి కూర్చో, తన్నడానికి దానికి చోటుండదు."

పిట్ట కర్రని ఒకసారి నేలకేసి కొట్టింది. తరువాత పారేసి, కుంటుతూ వెళ్ళి కూర్చుంది. ఏ చెంప ఆనించాలో ఒక క్షణం ఆలోచించుకుంది. మచ్చ ఉన్న చెంపే ఆనించింది.

పాలొచ్చాయి, కొంచెమే.

అక్క